సవరణ

నెట్ ఆపేసిన నాలుగో రోజుకి
జోవాయ్‌లో మా నాలుగు పేజీల పత్రికకి
ఎన్నడూ లేని గిరాకీ.
తెల్లారి సుమో పైకెక్కిన కట్టలు
అయిదో మలుపు దాటకముందే అయిపోతున్నాయి.
మంచు తడికి సిరా ఊడి
చదివినవాళ్ళ వేళ్ళు నల్లబడ్డాయి
ఓటు వేసొచ్చినట్టు.

ఊరు ఒకటే.
మేం మూస్నెంగ్ అని రాస్తాం
కొండ కింది పత్రిక రొంగ్‌బిర్ అంటుంది.
మా లెక్కన పోయింది ఆరుగురు
వాళ్ళ లెక్కన నలుగురు.
మా ఆరుగురిలో వాళ్ళ నలుగురు లేరు.
కలిపి చూసినవాళ్ళూ లేరు.
మేం రైతులన్నవాళ్ళని వాళ్ళు కలప దొంగలన్నారు.
వాళ్ళు కూలీలన్నవాళ్ళని మేం ఏమన్నామో
చెప్పడానికి నోరు రావట్లేదు
ఆ శీర్షిక పెట్టింది నేనే.

సాయంత్రం కర్ఫ్యూ రెండు గంటలు సడలింది.
ఆ కాస్తలోనే తీర్ పందెం జరిపించారు.
సున్నా ఆరు మీద కాసినవాళ్ళు
ఎప్పుడూ లేనంతమంది ఉన్నారట.
కలలో కనబడిన పాముని, పెళ్ళిని
అంకెలుగా మార్చుకునే జనం
మెలకువలో చూసింది మాత్రం వదులుతారా?
గడ్డి మోపుకి గుచ్చుకున్న బాణాలు లెక్కపెడితే
డెబ్బై మూడు వచ్చింది.

అప్పుడే కా థ్రిన్‌మోన్ ఆఫీసు మెట్లెక్కింది.
బస్టాండులో ఆకూ వక్కా సున్నం
మా పత్రికలోనే చుట్టి అమ్మే మనిషి.
ఆరుగురిలో మూడోవాడు ఆమె కొడుకు.
సున్నం మరకల కాగితం బల్ల మీద పరిచి
"ఈ ముఖం కింద ఏం రాశావు, చదువు" అంది.
దాడి చేసినవాడు, అని చదివాను.
"ఇతను సార్థే తెరోన్.
పదకొండేళ్ళుగా మా చిన్నకూతురి చేలో కోతకొస్తాడు.
మావాణ్ణి వీపున వేసుకుని వాగు దాకా మోశాడు.
వాగు దగ్గర ఇద్దరూ ఆగిపోయారు."
ఏడుస్తుందేమోనని నీళ్ళ గ్లాసు జరిపాను.
దాంట్లో కొంగు తడిపి
బల్లకంటిన సున్నం తుడిచింది.

"నిజమే కావచ్చు" అన్నాడు ఎడిటరు లమ్‌ఫ్రాంగ్.
"రేపు ఈ ముక్క వేస్తే ఎల్లుండికి మన కిటికీలకి అద్దాలుండవు.
అయినా చోటేదీ?"
చోటు లేదనడం మా వృత్తిలో అబద్ధం కాదు.
ఈ కొండల్లో గొడవంతా ఆ మాట మీదే.

రాత్రి ఒంటిగంట.
ప్లేటు ఇంకా తయారవలేదు, ఎడిటరు కునుకు తీస్తున్నాడు.
నాలుగో పేజీ అడుగున
తప్పిపోయిన మేక ప్రకటన తీసేశాను.
దాని యజమాని నన్ను తిట్టుకునే ఉంటాడు.
పైన తీర్ ఫలితం; ఏ వైపువాడైనా
పేపరు తిరగేసి మొదట చూసేది అక్కడే.
దాని కిందే పెట్టాను:
నిన్నటి ఫోటోలోని మనిషి దాడి చేయలేదు.
పేరు సార్థే తెరోన్. కోతకు వచ్చాడు.
ఎక్కడ, అని రాయబోయి చెయ్యి ఆగింది.
రెండు పేర్లూ రాశాను, రెండూ కొట్టేశాను.
వాగు దగ్గర, అని వదిలేశాను.

ఉదయం సడలింపు వేళ బస్టాండుకి వెళ్ళాను.
ఉద్యోగం ఉందో ఊడిందో ఇంకా తెలీదు.
ఆమె చిల్లర లెక్కపెట్టి ఒక ప్రతి కొంది.
ఆ మూల వరకే, అంకెతో సహా,
గోటితో గీసి చింపి
సున్నం డబ్బా మూతలో దాచుకుంది.
మిగతా కాగితంలో వక్క చుట్టి
కొండ దిగే లారీ డ్రైవరుకిచ్చింది.
అతను పొట్లం విప్పి, చిరిగిన చోటు చూసి
"నిన్న ఏం అంకె పడింది?" అన్నాడు.
"పది" అంది
వాళ్ళవీ మావీ కలిపి.

డెబ్బై మూడని నాకు తెలుసు.
నేను సవరించలేదు.